తల్లి మారుమనువుతో బిడ్డ మనోవర్తి ఆగదు

విడాకులు పొందిన తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే పిల్లల మనోవర్తి ఆ రోజుతోనే రద్దవుతుందని, ఆపైన కొత్త భర్త జీతం మీదనే లెక్క కడతారని, తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుంటే సగానికి తగ్గుతుందని, ఎప్పుడైనా సరే అది జీతంలో నాలుగో వంతు దాటదని చెప్పే సందేశం ఒకటి కడపలో ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతోంది. ఈ నాలుగు మాటల్లో ఒక్కటి కూడా చట్టంలో లేదు.

నేను ఇక్కడ న్యాయవాదిని. ఆ మధ్య ప్రొద్దుటూరు వైపు నుంచి వచ్చిన ఒక తల్లి కోర్టు ఉత్తర్వు కాపీని, కొడుకు స్కూలు ఫీజు రసీదులను ప్లాస్టిక్ కవరులోంచి తీసి నా బల్ల మీద పరిచి, "ఇంగ మాకేం రాదంట కదా సార్, అందరూ అదే చెప్తాండారు" అన్నది. ఉత్తర్వులో ఆమెకు నెలకు 4,000, పిల్లవాడికి 6,000 రూపాయలు అని విడివిడిగా రాసి ఉంది. ఆమె మారుమనువు చేసుకున్న నెల నుంచి మాజీ భర్త రెండూ ఆపేశాడు.

సందేశం రాసినవారు తల్లి హక్కునూ బిడ్డ హక్కునూ ఒకే మూట కట్టారు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌లో ఉన్న నిబంధన 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్‌గా అమలులో ఉంది. విడాకులు పొందినవారిలో తిరిగి పెళ్లి చేసుకోని స్త్రీని మాత్రమే అది భార్యగా లెక్కిస్తుంది కనుక, మారుమనువుతో ఆమె సొంత మనోవర్తి ఆగిపోతుంది. బిడ్డ విషయంలో అలాంటి షరతు ఎక్కడా లేదు. అందువల్ల ఆ 4,000 ఆగడం సబబే, 6,000 ఆపడం తప్పు. మన ఊళ్లో ముస్లిం కుటుంబాలకూ ఈ సందేహం వస్తుంటుంది: విడాకులు పొందిన ముస్లిం తల్లికి ఉన్న ప్రత్యేక చట్టంతో సంబంధం లేకుండా పిల్లలకు పాత 125వ సెక్షన్ కింద హక్కు ఉందని నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది.

కొత్త భర్త జీతం మాటకు వస్తే, చట్టం అడిగేది కన్నవారి స్తోమతు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ ఆ బాధ్యతను తల్లిదండ్రులిద్దరి మీదా పెట్టింది కాబట్టి తల్లి సొంత సంపాదన లెక్కలోకి వస్తుంది. సవతి తండ్రి ప్రేమతో పెట్టే ఖర్చు కన్నతండ్రి బాకీని తీర్చదు. చట్టప్రకారం దత్తత జరగడం వేరే విషయం.

సగం, నాలుగో వంతు అన్న రెండు మాటలూ బహుశా 2017 నాటి కళ్యాణ్ డే చౌధురి కేసును సగం చదివి పుట్టినవి. నికర జీతంలో 25 శాతం భార్యకు న్యాయమైన మొత్తమని సుప్రీంకోర్టు అక్కడ అన్నది నిజమే, కానీ అది పిల్లల మనోవర్తికి గీసిన గరిష్ఠ గీత కాదు. ఆ భర్త మళ్లీ పెళ్లి చేసుకుని, ఒక బిడ్డకు తండ్రి అయినందున భార్యకూ కొడుకుకూ కలిపి ఇచ్చే మొత్తాన్ని కోర్టు 23,000 నుంచి 20,000కు తగ్గించింది. కొత్త సంసారాన్ని కోర్టు పట్టించుకుంటుంది, కానీ తగ్గింపు తనంతట తాను జరగదు, సగం అన్న కొలత కూడా లేదు. 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన రజనేష్ వర్సెస్ నేహా తీర్పు తరువాత ఇరుపక్షాలూ ఆస్తులు, ఆదాయం, అప్పులపై అఫిడవిట్ వేయాలి. వాటిని చూసి తిండి, బట్టలు, ఇల్లు, వైద్యం, చదువు ఖర్చులను కోర్టు లెక్కిస్తుంది.

పరిస్థితి మారిందనుకునే తండ్రి నాగరిక సురక్షా సంహిత 146వ సెక్షన్ కింద పిటిషన్ వేసి తగ్గించమని అడగాలే తప్ప తనకు తానే ఆపేసుకోకూడదు. అలా ఆపితే బకాయి పేరుకుంటుంది, సరైన కారణం లేకుండా ఎగవేస్తే జైలు శిక్ష కూడా పడవచ్చు. అయితే వసూలుకు వారంటు కావాలంటే బకాయి పడిన నాటి నుంచి ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి. సందేశాన్ని నమ్మి ఊరుకున్న తల్లులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. నా దగ్గరకు వచ్చిన ఆమెకు అప్పటికి ఐదు నెలలే గడిచాయి. పిల్లవాడి 30,000 రూపాయలకు ఆ వారంలోనే పిటిషన్ దాఖలు చేశాము.