ఆయనకు విమానం, ఆవిడకు బల్లి

(విశాఖపట్నంలో ఒక మధ్యతరగతి ఇల్లు. వంటింటి ట్యూబులైటు వెనుక ఒక బల్లి. గుమ్మం బయట బూజుకర్రతో కామేశ్వరి. హాలులో దినపత్రిక చాటున విశ్వనాథం. ఆయన దానిని చదవడం లేదని మనవి.)

కామేశ్వరి: ఏమండీ, అండమాన్‌కు విమానం టిక్కెట్లు తీస్తారా, తీయరా? ఉద్యోగ విరమణ కాగానే తీసుకువెళతానని మాట ఇచ్చి, వేసవిలో ఎండలనీ, వానాకాలంలో తుపాన్లనీ, చలికాలంలో ధరలనీ చెబుతూ వస్తున్నారు. ఈ దేశంలో ఇంకొక ఋతువు ఏదైనా మిగిలి ఉంటే దాని పేరు చెప్పండి, అంతవరకు ఆగుతాను.

విశ్వనాథం: రానని నేను ఎప్పుడన్నాను? మన రేవు నుంచే అండమాన్‌కు ఓడ వెళుతుంది. మూడు రోజులు సముద్రపు గాలి పీలుస్తూ హాయిగా ప్రయాణం చేయవచ్చు. డబ్బూ కలిసివస్తుంది.

కామేశ్వరి: రుషికొండలో పడవ ఎక్కిన పావుగంటకే వాంతి చేసుకున్న మనిషికి మూడు రోజుల ఓడ ప్రయాణం హాయిగా తోస్తోందంటే, దానిని పొదుపు అనరు, భయం అంటారు. చెన్నైలో విమానం ఎక్కితే రెండు గంటల పైచిలుకులో అక్కడ దిగుతాము.

విశ్వనాథం: భయమా? నాకా? గాలిలో ఉండగా రెక్కలు ఊగడం నేను యూట్యూబులో కళ్లారా చూశాను. లోహంతో చేసిన వస్తువు ఊగడమేమిటి కామేశ్వరీ?

కామేశ్వరి: వంగకపోతే విరుగుతుంది కనుక, రెక్కను వంగేటట్లే కడతారు. ప్రయాణంలో ఎదురుకాగల అత్యధిక భారానికి ఒకటిన్నర రెట్లు మోపి మరీ పరీక్షిస్తారు. రెండు ఇంజన్లలో ఒకటి ఆగిపోయినా, రెండవదానితో దగ్గరలోని విమానాశ్రయానికి చేరుకోగలదు. ఇవన్నీ అమ్మాయిని అడిగి, పాలవాడి లెక్కల పుస్తకంలో చివరి పేజీలో రాసిపెట్టుకున్నాను.

విశ్వనాథం: ఇంత ధైర్యం ఉన్న ఇల్లాలివి, పొద్దుటి నుంచి కాఫీ ఎందుకు కలపలేదో కూడా ఆ పేజీలోనే రాయకపోయావా?

(బల్లి పలికింది.)

విశ్వనాథం: సత్యం! కంచి వరదరాజస్వామి గుడిలో నిచ్చెన ఎక్కి బంగారు బల్లినీ, వెండి బల్లినీ తడిమి వచ్చావు. ఇక ఏ బల్లి మీద పడినా దోషం లేదు.

కామేశ్వరి: దోషం లేదన్నారు గానీ, ఒళ్లు జలదరించదని ఏ పూజారీ హామీ ఇవ్వలేదు. పైగా ఆ బంగారు బల్లి పరుగెత్తదు.

విశ్వనాథం: దీనికి మాత్రం విషం ఉందా? దోమలనూ పురుగులనూ తిని మనకు ఉపకారమే చేస్తుంది. తెగిన తోక గిలగిల కొట్టుకోవడం కూడా శత్రువు దృష్టి మళ్లించి తప్పించుకోవడానికే తప్ప నిన్ను బెదిరించడానికి కాదు. అన్నట్లు, అండమాన్‌లో పట్టపగలే తిరిగే చిలకపచ్చ బల్లులున్నాయి. ఆ దీవులలో తప్ప అవి ఇంకెక్కడా కనిపించవట.

(ఈ అస్త్రాన్ని ఆయన ఎన్నాళ్లుగా దాచుకున్నారో గానీ, ప్రయోగించాక ముఖం వెలిగిపోయింది. ఎదుటివారి భయం గురించి మనకుండే పాండిత్యం అపారం.)

కామేశ్వరి: (తేరుకుని) ఆ పేజీ వెనుక ఇంకొకటి కూడా రాసుకున్నాను. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికా శాస్త్రవేత్త, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పసివాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలును ప్రతిసారీ కాస్త దగ్గరగా తెస్తూ, చివరికి దానితో ఆడుకునేటట్లు చేసిందట. బీచ్ రోడ్డులో నౌకాదళం వారి టీయూ-142 విమానం ప్రదర్శనశాలగా మారి 2017 నుంచి అక్కడే నిలబడి ఉంది. రేపు దానిలోకి ఎక్కండి.

విశ్వనాథం: ఆ పిల్లవాడికి తిండి పెట్టారన్నావు. నాకేమి పెడతావు?

కామేశ్వరి: ఉప్మా పెసరట్టు.

విశ్వనాథం: అది వేయడానికి వంటింట్లోకి ఎవరు వెళతారు?

(చాలాసేపు ఇద్దరూ ట్యూబులైటు వైపే చూశారు. తరువాత కామేశ్వరి చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, గచ్చు మీద ఒక్కొక్క పలకే దాటుతూ పొయ్యి వరకు చేరింది. అట్టు తిరగేసే సమయానికి బల్లి గోడ మీదకు దిగింది. ఆవిడ పెట్టిన కేక పక్కవాటా వరకు వినిపించింది గానీ అట్టు మాత్రం మాడలేదు. మరునాడు విశ్వనాథం, నేలను విడిచి కదలలేని ఆ విమానంలో కూడా దొరికిన కమ్మీనల్లా పట్టుకుని నడిచి, బ్రేకు వేసి ఉందో లేదో అక్కడి ఉద్యోగిని రెండుసార్లు అడిగి వచ్చారు.)

కామేశ్వరి: చూశారా? నౌకాదళంలో ఆ రకం విమానాలన్నీ కలిసి 29 ఏళ్లపాటు, 30,000 గంటలు, ఒక్క ప్రమాదం లేకుండా ఎగిరాయట.

విశ్వనాథం: అందుకే కాబోలు, ఇక చాలని ఆపేశారు. సరే, ఫోను ఇలా తే. రెక్కల దగ్గరి సీట్లలో కుదుపు తక్కువని అక్కడి బోర్డులో లేదు గానీ, నేను విడిగా తెలుసుకున్నాను.

కామేశ్వరి: అయితే అక్కడే తీయండి. కిటికీ సీటు నాది.

విశ్వనాథం: కుదరదు. కిటికీ నాకే కావాలి.

కామేశ్వరి: కళ్లు మూసుకుని కూర్చునే మనిషికి కిటికీ ఎందుకండీ?

విశ్వనాథం: ఆ రెక్క ఉందో లేదో దారి పొడవునా ఎవరో ఒకరు చూస్తూ ఉండవద్దూ?

కామేశ్వరి: దానికి అదనంగా డబ్బు కట్టమంటోంది.

విశ్వనాథం: కట్టేద్దాం. కాపలా ఊరికే వస్తుందా?