క్యాంప్‌లో తెలుగు మాట్లాడితే మొసలి అంటారు

స్లొవాకియాలో సమ్మర్ క్యాంప్‌కి వెళ్తున్నా అంటే జర్మనీలో నా రూమ్మేట్స్ ఇద్దరూ ట్రెక్కింగ్ అనుకున్నారు, కాదు ఎస్పెరాంటో నేర్చుకోడానికి అన్నాక ఆ భాష ఏ దేశంది, జాబ్‌కేమన్నా పనికొస్తుందా అని అడిగారు. ఏ దేశందీ కాదు, ఒకాయన కూర్చుని తయారుచేసిన భాష, జాబ్‌కీ పనికిరాదు. అందుకే వెళ్ళా అనుకోండి.

ఈ క్యాంప్ 2007 నుంచి నడుస్తోంది, సొమేరా ఎస్పెరాంటో స్టూడాడో అంటారు, అంటే ఎండాకాలం ఎస్పెరాంటో చదువు అని, అంతే. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం లెక్చర్లో టూర్లో, రాత్రి పాటలు. ఇన్ని ఉన్నా నాకక్కడ ఎక్కువ కనిపించింది రాజకీయమే. భాష క్లాసులు సరే, అక్కడ రాజకీయాలేంటి అని మీకు డౌట్ రావచ్చు. అసలు ఈ భాష పుట్టిందే రాజకీయంలో. జామెన్‌హోఫ్ అనే యూదు కుర్రాడు 1859లో బియాలిస్టోక్‌లో పుట్టాడు, అప్పట్లో అది రష్యన్ సామ్రాజ్యంలోని ఊరు, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. వీధిలో పోలిష్, రష్యన్, జర్మన్, యిడ్డిష్ మాట్లాడేవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూస్తే పడని వాతావరణం, అది చూస్తూ పెరిగాడు. కంటి డాక్టరయ్యాక తను తయారుచేసిన ఈ భాష మీద 1887లో వార్సాలో మొదటి పుస్తకం వేశాడు, పేరు బదులు 'డాక్టర్ ఎస్పెరాంటో' అని పెట్టుకున్నాడు, ఆశపడే డాక్టరు అని అర్థం. చివరికి ఆ మారుపేరే భాషకి పేరైపోయింది.

ఆశ బాగానే ఉంది గానీ దానికి మూల్యం మామూలుగా లేదు. హిట్లర్‌కి ఇది యూదుల కుట్ర, స్టాలిన్‌కి ఇది విదేశీ గూఢచారుల భాష, 1937-38లో సోవియట్‌లో ఎస్పెరాంటో వాళ్ళని పట్టుకుని కాల్చేశారు, నిర్బంధ శిబిరాలకి పంపారు. జామెన్‌హోఫ్ కొడుకుని 1940లో నాజీలు కాల్చి చంపారు, ఇద్దరు కూతుళ్ళూ 1942లో ట్రెబ్లింకా అనే నాజీ హత్యా శిబిరంలో పోయారు. గ్రామర్ పుస్తకం చూసి ఇంత భయమెందుకో అని నేనూ అనుకునేవాణ్ణి. దేశాలతో పని లేకుండా మామూలు జనం నేరుగా ఉత్తరాలు రాసుకుంటున్నారు, హిట్లర్‌కీ స్టాలిన్‌కీ నచ్చనిది అదే.

క్యాంప్‌లో లెక్చర్ల కంటే నాకు రాజకీయం కనిపించింది భోజనాల దగ్గర. మన దగ్గర ఇంగ్లీష్ రాని పిల్లాడు ఇంటర్వ్యూలో ఎలా కుంచించుకుపోతాడో తెలుసు కదా, ఆఫీసులో నేనూ జర్మన్ మాట్లాడేటప్పుడు అలాగే ఉంటా, ఎదుటివాడు వాడి అమ్మ నేర్పిన భాషలో దర్జాగా కూర్చుంటాడు, మనం నిలబడి తప్పులు లెక్కపెట్టుకోవాలి. ఇక్కడ ఫ్రాన్స్ అమ్మాయీ తడబడుతోంది, చెక్ పెద్దాయనా తడబడుతున్నాడు, నేనూ తడబడుతున్నా. పుట్టుకతో ఎస్పెరాంటో వచ్చినవాళ్ళు కొద్దిమంది ఉంటారు, డెనాస్కులో అంటారు వాళ్ళని, కానీ వాళ్ళు మాట్లాడిందే రైటు అనే రూలు లేదు. వారం రోజులు ఎవరి యాస చూసీ ఎవరూ నవ్వలేదు, ముప్పై ఏళ్ళ జీవితంలో నాకిది కొత్త.

కర్మ విభక్తి దగ్గరైతే మనదే పైచేయి. 'లిబ్రో' పుస్తకం, 'లిబ్రోన్' పుస్తకాన్ని. మనకి 'ని' పెట్టడం వెన్నతో పెట్టిన విద్య, పదాలు ముందువెనకలైనా అర్థం మారదు, యూరప్ వాళ్ళు చాలామంది మాత్రం ఆ చివరి 'న్' మర్చిపోయి తల కొట్టుకుంటున్నారు. ఇక పదాల దగ్గరకొచ్చేసరికి సీన్ రివర్స్. వేర్లన్నీ దాదాపుగా లాటిన్, జర్మన్ వైపువి, ఇటాలియన్ వాడికి సగం మాటలు ముందే తెలుసు, మనకి ద్వి, త్రి లాంటి 'దు', 'త్రి' తప్ప చుట్టరికాలు పెద్దగా లేవు. అందరికీ సమానమైన భాష అని వాళ్ళు అన్నప్పుడల్లా నేను తలూపా గానీ, 'సమానం' అనడం కంటే 'తక్కువ అసమానం' అంటే కరెక్టు.

ఇంకో తమాషా, అక్కడ సొంత భాషలో గుసగుసలాడితే 'క్రొకొడీలి' అంటారు, అంటే మొసలిలా చేయడం. బెంగళూరు నుంచి వచ్చిన ఓ తెలుగమ్మాయీ నేనూ ఆవకాయ గురించి మాట్లాడుకుంటుంటే పక్కవాడు చేతులతో నోరు తెరిచి మూసి చూపించాడు! సరదాకే, కానీ చిన్నప్పుడు కాన్వెంట్‌లో తెలుగు మాట్లాడితే ఫైన్ కట్టినవాళ్ళకి ఆ సరదా కొంచెం గుచ్చుకుంటుంది. తేడా ఏంటంటే కాన్వెంట్‌లో తెలుగు తక్కువ అని ఫైన్, ఇక్కడ ఫ్రెంచ్ మాట్లాడినా అదే మొసలి.

ఇలాంటి యూత్ మీటింగుల్లో నిజంగానే ఆలోచనలు పుట్టాయి. 1980లో ఫిన్లాండ్‌లోని రౌమా అనే ఊళ్ళో ఎస్పెరాంటో యువజన కాంగ్రెస్, అంటే కుర్రాళ్ళ అంతర్జాతీయ మహాసభ, జరిగినప్పుడు కుర్రాళ్ళు కొందరు ఒక మానిఫెస్టో రాశారు, ప్రపంచం మొత్తం ఎస్పెరాంటో మాట్లాడే రోజు కోసం ఎదురుచూడటం మానేద్దాం, మనమే ఎంచుకుని చేరిన ఒక చెల్లాచెదురు భాషా సమూహం అనుకుందాం, ఆ సంస్కృతిని పెంచుకుందాం అని. పాతవాళ్ళకి ఇది ద్రోహంలా అనిపించింది, ఆ గొడవ ఇప్పటికీ టీ దగ్గర నడుస్తుంది. నేను రౌమా వాళ్ళ వైపే. గెలవాల్సిన పని లేదనుకున్న భాషలోనే మనిషి తీరిగ్గా మాట్లాడగలడు.

కానీ ఈ తీరుబడి ఎవరికి? గుంటూరులో మా బాబాయి కొడుకు ఫోన్‌లో నేర్చుకుని నాకంటే బాగా మాట్లాడతాడు, వాడే నన్ను ఇందులోకి దింపాడు. నాకు జర్మనీ పర్మిట్ ఉంది కాబట్టి రైలెక్కి వెళ్ళిపోయా. వాడు యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా అప్లై చేశాడు, 90 యూరోల ఫీజు, వీసా వచ్చినా రాకపోయినా తిరిగి ఇవ్వరు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, నాన్నగారి జీతం కాగితాలు, అన్నీ పెట్టాడు. తిరిగి వెళ్తాడన్న నమ్మకం కుదరలేదని రిజెక్ట్. మా బాబాయి అయితే, దేశాల్లేని భాష అన్నావు కదరా మరి దానికి వీసా ఏంటి అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, క్యాంప్‌లో అడిగితే వాళ్ళ దగ్గరా లేదు, పాపం అన్నారు, ఫొటోలు పంపమన్నారు.

తప్పు క్యాంప్ వాళ్ళది కాదు, వీసాలిచ్చేది వాళ్ళు కాదు. అయినా ఎక్కడ పెట్టాలన్నది వాళ్ళ చేతిలోనే ఉంది. యువజన కాంగ్రెస్ 2012లో హనోయ్‌లో, 2017లో టోగోలో జరిగింది, పెద్దల ప్రపంచ కాంగ్రెస్ 1905లో మొదలైతే ఆఫ్రికా గడ్డ మీదకి మొదటిసారి రావడానికి 2024 దాకా పట్టింది, టాంజానియాలోని అరూషాలో. చివరి రోజు సలహాల పేపర్ ఇస్తే అరకు అని రాసొచ్చా. స్లొవాక్ వాళ్ళకి, జర్మన్లకి మన ఈ-వీసా ఇంట్లో కూర్చునే అప్లై చేసుకోవచ్చు, మా వాడికి విశాఖ రైలు టికెట్ చాలు.