వానమాపకాలు దండగ కాదు

"ఉపగ్రహాలు ప్రతి ఊరి వాననూ అప్పటికప్పుడు కొలుస్తున్నాయి. ఇక మండలాల్లో వానమాపకాలు దండగ. పంటల బీమా, కరవు ప్రకటన ఉపగ్రహ లెక్కలతోనే తేల్చవచ్చు." వాట్సాప్‌లో చేతులు మారుతున్న ఈ మాటల్లో ఒక్కటీ నిలవదు.

ముందుగా, ఉపగ్రహం వానను కొలవదు, అంచనా కడుతుంది. పరారుణ కెమెరాకు తెలిసేది మేఘం పైభాగం ఎంత చల్లగా ఉందన్నదే. చల్లగా ఉంటే ఎత్తైన మేఘమని, వాన పడుతోందని లెక్క. ఉరుముల మేఘం నుంచి పక్కకు పరుచుకున్న పలుచని మబ్బు కూడా చల్లగానే ఉంటుంది, దాని కింద చినుకు రాలదు. పడమటి కనుమల్లో ఇది తలకిందులు: అంత ఎత్తుకు ఎదగని మేఘాలే కుండపోతగా కురుస్తాయి, ఉపగ్రహం తక్కువ చూపుతుంది. మహాబలేశ్వరం దగ్గర లెక్క తప్పిన నీళ్లే కృష్ణలో కలిసి శ్రీశైలానికి వస్తాయి. మైక్రోవేవ్ పరికరాలు మేఘం లోపలి చినుకులను పసిగడతాయి, నిజమే. అయితే అవి అన్ని వేళలా మన నెత్తినే ఉండవు.

"ప్రతి ఊరి వాన" అన్నది ఇంకా పెద్ద పొరపాటు. 2014లో నాసా, జపాన్ కలిసి పంపిన జీపీఎం ఉపగ్రహం ఆధారంగా తయారయ్యే ఐమెర్గ్ అనే వాన లెక్కలో నేలను గడులుగా విడదీస్తారు, ఒక్కో గడి వెడల్పు సుమారు 11 కిలోమీటర్లు. దాదాపు 120 చదరపు కిలోమీటర్లకు ఒకే అంకె. అనంతపురం జిల్లాలో అలాంటి గడిలో సగానికి 40 మిల్లీమీటర్లు పడి, మిగతా సగం ఎండిందనుకోండి. తెర మీద 20 కనిపిస్తుంది. ఒక రైతు పదును చూసి వేరుశనగ విత్తుతాడు. ఇంకో రైతు చేలో ఎర్రమట్టి పిడికిట పడితే పొడిగా రాలిపోతుంది. బీమా లెక్కలో మాత్రం ఇద్దరిదీ ఒకటే వాన. ఇది అన్యాయం.

"అప్పటికప్పుడు" కూడా కాదు. ఐమెర్గ్ తొలి అంచనా అందడానికే సుమారు 4 గంటలు పడుతుంది. వాగు అంతసేపు ఆగదు.

ఉపగ్రహ లెక్క వద్దనడం లేదు. వానమాపకం లేని అడవుల్లో, నదుల ఎగువన, బెట్ట ఎంత మేర పాకిందో చూపడంలో దానికి సాటి లేదు. కానీ ఐమెర్గ్ తుది లెక్క మూడు నెలలు దాటాక గానీ రాదు, ఎందుకంటే దాన్ని నేల మీది వానమాపకాల నెలవారీ లెక్కలతో సరిదిద్దుతారు. మన వాతావరణ శాఖ కూడా రెండింటినీ కలిపే రోజువారీ వాన పటం గీస్తోంది. వానమాపకాలు తీసేస్తే ఉపగ్రహాన్ని సరిదిద్దేది దేనితో?

ఒక మండల కార్యాలయం ఆవరణలో వేపకొమ్మ కింద, గరాటు నిండా ఆకులతో ఉన్న వానమాపకాన్ని చూశాను. ముందు ఆ కొమ్మ కొట్టించండి, గరాటు కడిగించండి.