ఒకటో నంబరు రోడ్డు గారికి, ఒక తలుపు విషయమై

మహారాజశ్రీ ఐస్‌లాండ్ దేశపు ఒకటో నంబరు రోడ్డు గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మేం అద్దెకు తీసుకున్న కారుకి డ్రైవరు వైపు తలుపు ఒక్కటే క్షేమంగా లేదు. ఆ సంగతి చివర్లో రాస్తాను. ముందే రాస్తే మిగతా ఉత్తరం మీరు చదవరు. అప్పు కోసం మా నాన్నకి చుట్టాలు రాసే ఉత్తరాలన్నీ ఈ వరసలోనే ఉండేవి.

మిమ్మల్ని రింగ్ రోడ్డు అంటారని విని వచ్చాను. నాకు తెలిసిన రింగ్ రోడ్డు హైదరాబాద్‌లో ఉంది. 158 కిలోమీటర్లకే ఎనిమిది లేన్లు. మీరేమో 1,300 కిలోమీటర్ల పైచిలుకు, దేశం మొత్తం చుట్టి వస్తారు. ఇంత పెద్దమనిషికి ఎన్ని లేన్లుంటాయో అనుకున్నాను. అటొకటి, ఇటొకటి. కొన్ని వంతెనల దగ్గర ఆ రెండూ లేవు, ఒక్కటే. ముందు ఎవరు చేరితే వాళ్లు ముందు దాటాలట, అదే రూలు. ఈ రూలు మా రాజమండ్రిలో పెడితే రెండు వైపుల వాళ్లూ వంతెన నడిమధ్యలో కలుసుకుని, పెద్దమనుషులొచ్చేదాకా అక్కడే ఉంటారు. ఇక్కడ మేమూ ఆగాం, ఎదుటివాళ్లూ ఆగారు. మీరు పదండంటే మీరు పదండని లైట్లు వేసుకుంటూ పెళ్లి విడిదిలో వియ్యంకుల్లా కూర్చున్నాం. ఎనిమిది రోజుల్లో హారన్ ఒక్కసారి కూడా కొట్టలేదు. అరచెయ్యి దురద పెట్టింది.

అసలు మిమ్మల్ని ఏ వైపు నుంచి చుట్టాలన్న దగ్గరే మా ఇంట్లో పేచీ. చాలామంది దక్షిణం నుంచి మొదలుపెడతారు. నా ఎక్సెల్ షీటులోనూ అంతే ఉంది. గంటకో గడి, గడికో రంగు. అమ్మ ఆ మ్యాపు చూసి, "అప్రదక్షిణం చేయిస్తావుట్రా నా చేత?" అంది. మధ్యలో ఉన్న కొండలూ మంచూ కుడిచేతి వైపే ఉండాలట. సరే అని షీటు మొత్తం తలకిందులు చేసి ఉత్తరం నుంచి బయల్దేరాం. తీరా లోపలికి వెళ్దామంటే, మధ్యలోకి పోయే రోడ్ల నంబర్ల ముందు ఎఫ్ అని రాసుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి లేనివాళ్లు అడుగుపెట్టకూడదు. మాది చిన్న కారు. అంటే మాకు ప్రదక్షిణమే, దర్శనం లేదు.

ఆకురేరి అనే ఊళ్లో ఎర్ర సిగ్నల్ లైట్లు గుండె బొమ్మ ఆకారంలో ఉన్నాయి. ఆగమని చెప్పడంలో కూడా ఇంత ప్రేమ. ఆ ఊరు దాటగానే సొరంగం. తవ్వుతుంటే మధ్యలో వేడినీళ్లు ఎగదన్నాయట, పని ఏళ్ల తరబడి సాగిందట. అది సరే గానీ, టోల్ గేటు ఏదండీ? కర్ర లేదు, మనిషి లేడు, చిల్లర లేదనేవాడు లేడు. మనమే తర్వాత ఇంటర్నెట్లో వెతుక్కుని కట్టాలి. మరిచిపోతే జరిమానా. గేటు లేని టోల్ మీద నమ్మకం కుదరక నేను రెండుసార్లు కట్టాను.

తర్వాత గోదాఫోస్ జలపాతం. పేరు వినగానే అమ్మ ఉలిక్కిపడి, "గోదారా?" అంది. కాదమ్మా, దేవుళ్ల జలపాతం అని అర్థం అన్నాను. క్రీ.శ. 1000 ప్రాంతంలో ఈ దేశం క్రైస్తవంలోకి మారినప్పుడు, థోర్‌గెయిర్ అనే పెద్దమనిషి పాత దేవుళ్ల విగ్రహాలను ఇందులో పడేశాడని కథ. అమ్మ కాసేపు ఆ నీళ్లకేసి చూసి, "మనమూ పడేస్తాం కదా, కాకపోతే మళ్లీ ఏడు తెచ్చుకుంటాం" అని పన్నెండు మీటర్ల ఆ జలపాతానికి దణ్ణం పెట్టుకుంది. ఎవరికి పెట్టిందో నేను అడగలేదు.

మీవత్న్ సరస్సు దగ్గర మీ ఘనత చూపిద్దామని కారు ఆపాను. ఎటు చూసినా లావా గడ్డకట్టిన నల్లరాయి. అమ్మ వంగి ఒక ముక్క తీసి అటూ ఇటూ తిప్పింది. "పంగిడి కంకర చూపించడానికి ఇంత ఖర్చుపెట్టి తెచ్చావా?" అంది. నవ్వాను గానీ, ఆ రాత్రి ఫోన్లో చూస్తే ఆవిడదే నిజం. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కను పీఠభూమిని కప్పేసిన లావా ప్రవాహాలు రాజమండ్రి దాకా వచ్చి ఆగాయట. ఆ దగ్గర్లోని పంగిడిలో పేల్చి, లారీలకెత్తి, మా రోడ్లకి పోసేది ఆ రాయినే. అంటే మీకూ మా వీధి రోడ్డుకీ ఒంట్లో ఉన్నది ఒకే జాతి రాయి. గుంటల విషయంలోనే పోలిక రాలేదు.

ఆ పక్కనే నేలలో బురద కుతకుతా ఉడుకుతోంది. కుళ్లిన గుడ్ల వాసన. "రాగిజావ అడుగంటుతోంది, ఎవరైనా కలపండి" అంది అమ్మ. ఈ చుట్టుపక్కల నేల వేడికే రై అనే ధాన్యపు పిండితో రొట్టె కాలుస్తారు. డబ్బాలో పిండి పెట్టి పాతిపెట్టి, ఒక రోజు ఆగి తవ్వుకోవడమే. గ్యాస్ బండ బుకింగ్ లేదు, సబ్సిడీ లేదు.

తిండి ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఇంత పొడుగున్నారే, మీ ఒడ్డున ఒక్క టిఫిన్ సెంటర్ అయినా పెట్టించుకోలేదేం? వంద కిలోమీటర్లకి ఒక పెట్రోలు బంకు, అందులో గొర్రె మాంసం కలిపిన హాట్ డాగ్, దాని ధరకి మా ఊళ్లో నలుగురు భోంచేస్తారు. మమ్మల్ని బతికించింది స్కిర్. దాన్ని వాళ్లు పండ్లూ పంచదారా వేసుకుని తింటారు. అమ్మ మూత తీసి వాసన చూసి, "గుడ్డలో కట్టిన పెరుగు" అని తేల్చేసింది. రైస్ కుక్కర్ మా డిక్కీలో ఉంది. స్కిర్ అన్నంలో ఆవకాయ ముక్క నంజుకుంటే, అయ్యా, మీ జలపాతాలన్నీ ఒకెత్తు, అది ఒకెత్తు.

ఇంకో ఫిర్యాదు సూర్యుడి మీద. జూన్ నెల కావడంతో రాత్రి పన్నెండు దాటినా వెలుతురే. సంధ్యాదీపం ఎప్పుడు పెట్టాలని అమ్మ అడిగింది. ఇక్కడ సంధ్యే లేదు. చివరికి రాజమండ్రి టైముకే పెడతానంది. అక్కడ సాయంత్రం ఆరున్నర అంటే ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. రోజూ ఒంటిగంటకి నేను ఏ కొండ మలుపులో ఉన్నా కారు పక్కకి తీయాలి. అద్దె కారులో దీపం వెలిగించకూడదు కాబట్టి ఫోన్ టార్చి వేసి చేతులు జోడించేది.

తూర్పు తీరం గురించి ఏమీ రాయను. రెండు రోజులూ పొగమంచే. ఆ మంచులోంచి గొర్రెలు మాత్రం కనిపించాయి. తల్లి మీకు అటు పక్క, పిల్లలు ఇటు పక్క. కారు చూడగానే పిల్లలకి తల్లి గుర్తొస్తుంది. గుద్దితే రైతుకి డబ్బు కట్టాలి.

ఇక తలుపు.

దక్షిణాన మంచుకొండ కింద స్కెయ్‌దారార్‌సాండుర్ అనే నల్ల ఇసుక మైదానం ఉంది కదా, అక్కడికి వచ్చేముందు ఒక ఎలక్ట్రానిక్ బోర్డు మీద 24 అని చూశాను. ఇరవై నాలుగు డిగ్రీలా, హాయిగా ఉందే అనుకున్నాను. అది గాలి, సెకనుకు 24 మీటర్లు. గంటకి 86 కిలోమీటర్లు. గంటకి 62 దాటితే మా వాతావరణ శాఖ దాన్ని తుపాను అంటుంది, ముద్దుగా ఒక పేరు పెడుతుంది, బళ్లకి సెలవులిస్తారు. మీరు ఒక అంకె చూపించి ఊరుకున్నారు.

ఆ మైదానంలో మెలితిరిగిన రెండు ఇనుప దూలాలు నిలబడి ఉన్నాయి. అవి మీ ఎముకలేనని చదివి, పలకరిద్దామని కారు ఆపాను. మీ చుట్టు పూర్తయ్యింది 1974లో, ఇక్కడి వంతెన కట్టాకనే. 1996 సెప్టెంబరు చివర మంచు కింద అగ్నిపర్వతం పేలింది. కరిగిన నీళ్లు నెలకి పైగా మంచు కిందే దాక్కుని, నవంబరు 5న ఒక్కసారి బయటపడ్డాయి. సెకనుకి 45 వేల ఘనపు మీటర్లు, అంటే మా ధవళేశ్వరం లెక్కలో 15 లక్షల క్యూసెక్కుల పైమాటే. అక్కడ 13 లక్షలకే రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ఇళ్లంత మంచు గడ్డలు కొట్టుకొచ్చి మీ వంతెనని పుల్లల్లా విరిచేశాయి. మీరు మళ్లీ లేచారు. ఇదంతా అమ్మకి చెప్తూ, జాలితో, గౌరవంతో, ఒక్క చేత్తో తలుపు తీశాను.

తలుపు నా చేతిలో లేదు. వెళ్లి ముందు చక్రం మీద వాలింది. మడతబందులు మీ దూలాల్లాగే మెలితిరిగాయి.

కారిచ్చిన కంపెనీ వాళ్లు కంకర బీమా అమ్మారు, ఇసుకా బూడిదా బీమా అమ్మారు, రెండూ కొన్నాను. గాలికి తలుపు విరిగితే ఏ బీమాలోకీ రాదట. అది చిన్నక్షరాల్లో ఉంది. అమ్మ శాలువాతో తలుపుని సీటుకి కట్టి, నేను పక్క సీటులోంచి ఎక్కి దిగుతూ, 90కి వెళ్లాల్సిన చోట 50కి పోతూ, 300 కిలోమీటర్లకి పైగా వచ్చాం. దారిలో 1783లో లాకి అగ్నిపర్వతం నుంచి పారిన లావా మీదుగా ఎంతసేపు వెళ్లినా అది తరగలేదు. ఇప్పుడు దాని నిండా మెత్తటి నాచు. ఆ పేలుడు తెచ్చిన కరువులో ఈ దేశంలో అయిదో వంతు మంది పోయారని చదివాక తలుపు గురించి అరగంట మాట్లాడలేదు. తర్వాత మళ్లీ మొదలుపెట్టాను.

డబ్బు అడగడం లేదండీ, చుట్టం కాదు కదా మీరు. ఒక్కటే మనవి. ఆ కంపెనీ వాళ్లు పాత తలుపు పారేయబోతుంటే అడిగి తీసిపెట్టించాను, రేక్యవీక్‌లో వాళ్ల షెడ్డు వెనక గోడకి ఆనించి ఉంది. మీ మనుషులెవరైనా అటు వస్తే తీసుకెళ్లి ఆ రెండు దూలాల పక్కన నిలబెట్టించగలరు.

ఇట్లు,
మీ ప్రదక్షిణం పూర్తిచేసిన భక్తుడు

తా.క.: అమ్మ శాలువా ఇంకా ఆ తలుపుకే ఉంది. అది మాత్రం పోస్టులో పంపించగలరు. ఖర్చు నేనే పెట్టుకుంటాను.