స్టాంపు కోసం కవరు కోయకండి

మా పెద్ద మేనమామ 1970ల్లో కువైట్ వెళ్ళాడు. గుంటూరు అరండల్‌పేటలో అమ్మమ్మ ఇంటికి నెలకో ఉత్తరం రాసేవాడు. చుట్టూ ఎరుపు, నీలం గీతలున్న ఎయిర్ మెయిల్ కవరు. ఉత్తరం అమ్మమ్మకి, కవరు నాకు. స్టాంపున్న మూల కత్తిరించి, పళ్ళెంలో నీళ్ళు పోసి నానబెట్టి, జిగురు వదిలాక తీసి పాత పేపరు మీద ఆరబెట్టేవాణ్ణి. మిగతా కవరు నీళ్ళ పొయ్యిలోకి వెళ్ళిపోయేది. అలా ఏడేళ్ళ కవర్లు పోయాయి. ఇప్పుడు నా ఆల్బమ్‌లో అరవై దాకా కువైట్ స్టాంపులున్నాయి, ఒక్కోదాని మీద ఒక ముద్ర ముక్క. మామయ్య ఏ పోస్టాఫీసు దగ్గర ఉండేవాడు, ఏ నెలలో ఎక్కడికి మారాడు అని చెప్పే కాగితం మాత్రం ఒక్కటీ లేదు. అడుగుదామంటే ఆయనా లేడు.

అమెరికాలోని మన తెలుగు సంఘంలో చాలామంది ఇళ్ళల్లో, అంటే గుంటూరు, విజయవాడల్లో అమ్మానాన్నలు ఉంటున్న ఇళ్ళల్లో, ఇలాంటి కవర్లు ఇంకా ఉన్నాయని నాకు తెలుసు. వాటిని స్టాంపు కోసం కోయొద్దు, పాత పేపర్లవాడికి తూకానికి వేయొద్దు. నేను అడిగేది ఇంతే. ఎందుకు అడుగుతున్నానో కాస్త వివరంగా చెబుతాను.

1937 మార్చి 31 దాకా బర్మా మన దేశపు పాలనలోనే ఉండేది. బెజవాడలో కొన్న స్టాంపూ, రంగూన్‌లో కొన్న స్టాంపూ ఒకటే. అదే రాజుగారి బొమ్మ, అవే అణాలు. అరేబియా దక్షిణ కొసన ఉన్న ఏడెన్ రేవులోనూ ఆ రోజు వరకు అంతే. స్టాంపును కవరు మీంచి ఊడదీసి, దాని మీద ఊరి పేరు సరిగ్గా పడలేదనుకోండి, అది తెనాలిలో అంటించిందో రంగూన్‌లో అంటించిందో ఎవరూ చెప్పలేరు. స్టాంపుల సేకరణలో దీనికోసమే ఒక పెద్ద శాఖ ఉంది: ఒక దేశం వేరే చోట నడిపిన పోస్టాఫీసుల ముద్రలు సేకరించడం. మన తపాలా శాఖ అలాంటివి చాలా నడిపింది. సింగపూర్, పెనాంగ్, మలక్కాల్లో 1867 దాకా వాడినవి భారత స్టాంపులే. సింగపూర్ నుంచి వచ్చిందని పోల్చుకోవాలంటే ఎనిమిది పలకల గీతల మధ్య 'బి 172' అన్న ముద్ర చూడాలి. జాంజిబార్‌లో 1895 దాకా, టిబెట్‌లోని గ్యాంచీ, యాటుంగ్‌లలో 1955 దాకా మన పోస్టాఫీసులుండేవి. స్వాతంత్ర్యం తర్వాత కూడా కొరియాకు, వియత్నాంకు వెళ్ళిన మన సైనికుల కోసం మన స్టాంపుల మీదే హిందీలో అదనపు అచ్చు వేసి పంపారు. 1984లో అంటార్కిటికాలో మన పరిశోధన కేంద్రం దక్షిణ గంగోత్రి దగ్గర కూడా పోస్టాఫీసు పెట్టారు.

రంగూన్ దగ్గరే ఇంకాసేపు ఆగాలి. మన కోస్తా జనం స్టీమర్లెక్కి అక్కడికి వెళ్ళి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్ళను 'కోరంగీ'లని పిలిచేవారు. యుద్ధంలో జపాన్ బాంబులు పడ్డాక 1942లో ఎంతోమంది అడవుల వెంట కాలినడకన తిరిగొచ్చారు. వాళ్ళలో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. కానీ వాళ్ళు ఇంటికి ఉత్తరాలు రాశారు, లేదా ఎవరిచేతనైనా రాయించారు.

పదేళ్ళ కింద విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులో ఒక పంచాంగం మధ్యలో నాకు అలాంటి కవరొకటి దొరికింది. ముందువైపు అయిదో జార్జి స్టాంపు, దాని మీద గుండ్రంగా రంగూన్ ముద్ర, 1931. చిరునామా ఊరి పేరు ఇంగ్లీషులో, మిగతాది వంకర తెలుగు అక్షరాల్లో. వెనక్కి తిప్పితే బెజవాడ ముద్ర, దాని పక్కన మర్నాటి తేదీతో తెనాలి ముద్ర. లోపల ఉత్తరం లేదు. అయినా ఆ మనిషి ఏ రోజున ఆ కవరు పోస్టు చేశాడో, అది ఎన్ని రోజులు నీళ్ళ మీద ప్రయాణించిందో, మన స్టేషన్‌లో సార్టింగ్ అయి ఏ రోజు ఇల్లు చేరిందో లెక్కపెట్టగలిగాను. స్టాంపు చూస్తే చాలా మామూలుది. కత్తిరించి ఉంటే అలాంటివి కిలోల్లెక్కన దొరికే వాటిలో కలిసిపోయేది.

మామయ్య ఊరు కువైట్ చరిత్ర కూడా నాకు పెద్దయ్యాకే తెలిసింది. 1923లో అక్కడ వాడిన మొదటి ప్రత్యేక స్టాంపులు మన స్టాంపుల మీద కువైట్ అని అచ్చు వేసినవే. బహ్రెయిన్‌కు 1933లో అలాగే వచ్చాయి. 1948 ఏప్రిల్ నుంచి బ్రిటిష్ స్టాంపులొచ్చాయి, కానీ వాటి మీద కూడా విలువ అణాల్లో, రూపాయల్లోనే అచ్చువేశారు. ఇంగ్లండు రాజు బొమ్మ మీద అణాలు! దుబాయ్‌లో దిగిన ప్రతి తెలుగువాడూ చూడాల్సిన స్టాంపులివి. అంత దూరం దేనికి, మన గోదావరి ఒడ్డున యానాంలోనే 1954 దాకా ఫ్రెంచి స్టాంపులు నడిచాయి. 1923 నుంచి వాటి మీద విలువ ఫనాలు, కాసుల్లో ఉండేది. ఆ 'యానాన్' ముద్ర ఉన్న కవరు మీ ఇంట్లో ఉంటే దయచేసి బీరువాలోకి మార్చండి.

దీనికి పూర్తి వ్యతిరేకమైనది కూడా చూశాం మనం. నా ఈడు పిల్లలందరం షాపుల్లో ప్యాకెట్లు కొనుక్కునేవాళ్ళం. అజ్మాన్, ఫుజైరా, మనామా అని గల్ఫ్‌లోని చిన్న చిన్న చోట్ల పేర్లతో వచ్చిన స్టాంపులు. రాకెట్లు, సీతాకోకచిలుకలు, ఒలింపిక్స్, ఎంత రంగులో! మూలన చక్కగా పావువంతు ముద్ర. వెనక తిప్పితే జిగురు అలాగే ఉండేది. ఆ ముద్రలు అచ్చులోనే వేసేసినవి, ఆ స్టాంపులు ఏ ఉత్తరాన్నీ మోయలేదు. సేకరించేవాళ్ళకు అమ్మడానికే వాటిని తయారుచేశారు. పిల్లలుగా వాటితో దేశాల పేర్లు నేర్చుకున్నాం, అది మంచిదే. కానీ అలాంటి ఆల్బమ్ మొత్తం ఇస్తానన్నా, నేను ఆ ఒక్క రంగూన్ కవరు ఇవ్వను.

"అమ్మితే ఎంతొస్తుంది?" అని చాలామంది అడుగుతారు. ఎక్కువ కవర్లకు పెద్దగా ఏమీ రాదు. అందుకే వాటిని దాచే పని వేలంపాటల వాళ్ళు చేయరు, మనమే చేయాలి. అవతలివాళ్ళు ఎలా దాచుకున్నారో చూడండి. అమెరికా లూథరన్ మిషనరీలు 1842లో గుంటూరు వచ్చారు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చారు, ఆవిడ పేరున్న ఆసుపత్రి మనందరికీ తెలుసు. ఆ తరాల మిషనరీలు గుంటూరు నుంచి ఇంటికి రాసిన కవర్లను వాళ్ళ కుటుంబాలు దాచుకున్నాయి. ఇక్కడ ఒక స్టాంపుల ఎగ్జిబిషన్‌లో గుంటూరు ముద్ర ఉన్న పాత కవరు ఒకటి నేను కొనుక్కున్నాను కూడా. నా ఊరి ముద్ర కోసం అమెరికాలో డబ్బు కట్టాను. మా మామయ్య కువైట్ ముద్రలు ఎంత కడితే దొరుకుతాయి?

ఇక మనం రాసే ఉత్తరాల సంగతి. డెన్మార్క్‌లో 1624 నుంచి నడిచిన ప్రభుత్వ తపాలా 2025 చివరితో ఉత్తరాల బట్వాడా ఆపేసింది. చాలా దేశాల్లో కౌంటర్లో బార్‌కోడ్ లేబుల్ అంటించి పంపేస్తున్నారు. అమెరికాలో డబ్బాలో వేస్తే పెద్ద సార్టింగ్ కేంద్రం పేరు పడుతుంది తప్ప మనమున్న ఊరి పేరు పడదు. కౌంటర్ దగ్గర నిలబడి "చేత్తో గుండ్రటి ముద్ర వేయండి" అని అడగాలి. దాదాపు ఎప్పుడూ వేస్తారు. సెలవుల్లో వేరే దేశం వెళ్ళినప్పుడు ఫ్రిజ్ మీద అంటించే బొమ్మ కొంటాం కదా, దాంతోపాటు అక్కడి పోస్టాఫీసుకెళ్ళి ఇంటికి ఒక కార్డు రాయండి. న్యూయార్క్ వెళితే ఐక్యరాజ్యసమితి భవనంలో ఉన్న పోస్టాఫీసు వదలొద్దు. 1951 నుంచి వాళ్ళకు సొంత స్టాంపులున్నాయి. అవి అక్కడ పోస్టు చేస్తేనే చెల్లుతాయి, అమెరికా స్టాంపులు అక్కడ పనికిరావు.

సంఘానికి నా ప్రతిపాదన చిన్నది. ఈ సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు ఒక్క పూట అటక కోసం కేటాయించండి. ఉత్తరాల కట్ట దొరికితే కవరు ముందూ వెనకా రెండువైపులా స్కాన్ చేయండి, వెనక ముద్రలే ఎక్కువ కబుర్లు చెబుతాయి. ఎవరు ఎవరికి రాశారో పెద్దవాళ్ళను అడిగి వేరే కాగితం మీద రాసి పక్కన పెట్టండి, వాళ్ళుండగానే. లామినేషన్ వద్దు, సెల్లోటేపు అసలే వద్దు, మన బెజవాడ ఎండకు అది కరిగి కాగితాన్ని తినేస్తుంది. ఇంటి విషయాలు బయటపడతాయని కొందరికి టెన్షన్. అది న్యాయమే. ఉత్తరం మీ దగ్గరే ఉంచుకోండి, చిరునామాలో పేరు కూడా కప్పేయండి. ముద్ర, తేదీ కనిపించే బొమ్మ ఒక్కటి సంఘానికి ఇస్తే చాలు. రంగూన్, మస్కట్, డెట్రాయిట్, ఎక్కడినుంచి వచ్చినా ఒకచోట చేర్చి మన పత్రికలో నెలకొకటి వేద్దాం. మొదటి నెలకు నా తెనాలి కవరు ఇస్తాను.

పోయిన ఏడాది ఐక్యరాజ్యసమితి పోస్టాఫీసు నుంచి గుంటూరులో అమ్మకు ఉత్తరం రాశాను. పంతొమ్మిది రోజులకు చేరింది. ఆ సాయంత్రం ఫోన్ చేసి ముందు ఈ మాటే చెప్పింది: "కవరు చింపలేదురా. పక్కన సన్నగా కత్తెరతో కోసి ఉత్తరం తీశాను. స్టాంపు, ముద్ర అన్నీ అలాగే ఉన్నాయి. ట్రంకు పెట్టెలో పెట్టాను."