ఓపిక కాదు, వేడి చూసుకోవాలి
కుర్రాళ్లకు ఓపిక లేక ఇంట్లో జింజర్ బీర్ (అల్లం, చక్కెర పులియబెట్టి చేసే గ్యాసు పానీయం) సగంలో వదిలేస్తారు, పెద్దవాళ్లే నిలకడగా చేస్తారు అని ఎవరో రాశారు, నేనైతే ఒప్పుకోను. చెడగొట్టడం ఇద్దరూ చెడగొడతారు, దారులే వేరు. కుర్రాళ్లు 20 డిగ్రీల చలిదేశం వాళ్ల లెక్క పట్టుకుని వారం బయట పెడతారు. అనంతపురంలో మే నెలకు ఇంట్లోనే 35 దాటుతుంది, రెండో రోజుకే గ్యాసు నిండి గాజు సీసా పగులుతుంది. పెద్దవాళ్లేమో బెల్లం కంటిచూపుతో వేస్తారు, పైగా అల్లం తొక్క నున్నగా గీకేస్తారు. పులియబెట్టే ఈస్టు ఉండేదే ఆ తొక్కమీద! ముందు పులియబెట్టడానికి ఊట తయారు చేసుకోవాలి: తొక్కతో తురిమిన అల్లం, చక్కెర రెండేసి చెంచాలు, కాచి చల్లార్చిన నీళ్లు గ్లాసున్నర. రోజూ ఒక్కో చెంచా అల్లం, చక్కెర కలుపుతూ బుడగలు వచ్చేదాకా ఆగాలి. కుళాయి నీళ్లు నేరుగా పోస్తే క్లోరిన్ దెబ్బకు సరిగా పొంగదు. తర్వాత అల్లం వేసి కాచిన లీటరు నీళ్లకు 80 గ్రాముల చక్కెర, చల్లారాక వడగట్టిన ఈ ఊట పావు కప్పు, కొంచెం నిమ్మరసం. కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ బాటిల్లోనే పోయండి, మూడు వేళ్ల ఖాళీ ఉంచి. నొక్కితే గట్టిగా తగిలిందంటే వెంటనే ఫ్రిజ్‌లోకి. బద్ధకించి బయటే వదిలేస్తే, లీటరులో ప్రతి 17 గ్రాముల చక్కెరకు దాదాపు ఒక శాతం ఆల్కహాలు చేరుతుంది. మొత్తం పులిస్తే మామూలు బీరంత, లైసెన్సు లేకుండా అది ఎక్సైజు కేసే. ఫ్రిజ్‌లో పెట్టినా రోజుకోసారి మూత వదులు చేయండి, చలిలోనూ ఈస్టు పూర్తిగా ఆగదు.