‘గ్రింగో’ పుట్టింది ‘గ్రీన్, గో’ నుంచి కాదు

స్పానిష్‌లో ‘గ్రింగో’ అనే మాట గురించి ఒక కథ తెగ తిరుగుతోంది. 1846–48లో అమెరికా మెక్సికో మీద యుద్ధానికి దిగినప్పుడు సైనికులు పచ్చ యూనిఫాం వేసుకున్నారట, జనం ‘గ్రీన్, గో’ అని అరిచారట, అదే గ్రింగో అయిందట, కాబట్టి అది అమెరికన్లను తిట్టే మాటేనట. ఇందులో యుద్ధం జరిగిందన్నది ఒక్కటే నిజం.

ముందు తేదీ సంగతి చూడండి. ఎస్తెబాన్ దె తెర్రేరోస్ అనే స్పెయిన్ జెస్యూట్ (ఒక క్రైస్తవ మత సంఘం) పండితుడి నిఘంటువులో, 1787లో మాడ్రిడ్‌లో అచ్చయిన సంపుటంలోనే ఈ మాట ఉంది. ఒక రకం యాస వల్ల స్పానిష్‌ను సులువుగా, సహజంగా పలకలేని విదేశీయులను స్పెయిన్‌లోని మాలగా నగరంలో గ్రింగోలంటారని, మాడ్రిడ్‌లోనూ అలాగే అంటారని, అక్కడ ముఖ్యంగా ఐర్లండ్ వాళ్ళను అలా పిలుస్తారని రాశాడాయన. ఆ సంపుటం అచ్చు కాకముందే, 1782లోనే ఆయన చనిపోయాడు! అంటే యుద్ధానికి అరవై ఏళ్ళకు పైగా ముందే, సముద్రానికి అవతల, అమెరికన్ల ఊసే లేకుండా ఈ మాట వాడుకలో ఉంది. సైనికులు పాడుకున్న ‘గ్రీన్ గ్రో’ అనే పాట నుంచి వచ్చిందనే ఇంకో కథ కూడా ఈ తేదీ దగ్గరే ఆగిపోతుంది.

ఇక యూనిఫాం. ఆ యుద్ధంలో అమెరికా పదాతి దళం వేసుకున్నది లేత నీలం.

మరి ఎక్కడి నుంచి వచ్చింది? ‘గ్రియెగో’ నుంచి, అంటే గ్రీకు నుంచి అన్నదే ఎక్కువమంది పండితులు ఒప్పుకునే మాట. మనం ‘నాకంతా గ్రీక్ అండ్ లాటిన్‌లా ఉంది’ అంటామే, స్పానిష్ వాళ్ళు కూడా అర్థంకాని మాటలను గ్రీకులో మాట్లాడటం అనేవాళ్ళు. గ్రియెగో గ్రిగోగా మారి, అది గ్రింగో అయిందని వ్యుత్పత్తి శాస్త్రవేత్త కొరోమినాస్ వివరించాడు.

అమెరికన్లకే అంటారన్నదీ తప్పే. మెక్సికోలో మామూలుగా అమెరికన్ అనే అర్థమే, కానీ అర్జెంటీనాలో వలస వచ్చిన ఇటాలియన్లను గ్రింగోలన్నారు, పెరూలో తెల్లటి ఒళ్ళు, రాగి జుట్టు ఉంటే చాలు, సొంత దేశం మనిషినైనా అంటారు.

తిట్టా అంటే, అనే తీరును బట్టి ఉంటుంది. కోపంగా అంటే గుచ్చుకుంటుంది, నిజమే. కానీ ఇది విశేషణంగా కూడా రోజూ వాడే మాట: అమెరికా సినిమా ‘పెలీకులా గ్రింగా’, అమెరికన్ యాస ‘అసెంతో గ్రింగో’. వీటిలో తిట్టేముంది? ముద్దుగా పిలవాలంటే ‘గ్రింగీతో’ అని కూడా అంటారు.